శని వలయాల్లో ఇడ్లీలు: ఆ ఫొటోల వెనక కథ

2017 మార్చి 7న కాసినీ అనే వ్యోమనౌక శని దగ్గర్నుంచి పాన్ అనే బుల్లి చందమామను ఫొటోలు తీసింది. సగటున 28 కిలోమీటర్ల అడ్డకొలత, అంటే మన చంద్రుడి ముందు గులకరాయి. మధ్యలో ఉబ్బెత్తుగా, నడుం చుట్టూ పల్చటి అంచుతో ఉంది. ఫొటో చూసిన పాశ్చాత్యులు రావియోలీ (లోపల కూరు పెట్టే ఇటలీ వంటకం) అన్నారు, వాల్‌నట్ అన్నారు, ఎగిరే పళ్లెం అన్నారు. నాకైతే ఇడ్లీయే గుర్తొచ్చింది, అదీ రేకులో పిండి కాస్త ఎక్కువై అంచు బయటికి పొంగిన ఇడ్లీ. ఏప్రిల్ 12న తీసిన అట్లాస్ అనే ఇంకో శని చంద్రుడి ఫొటో చూశాక ఇక అనుమానం లేదు, పొయ్యి మీంచి అప్పుడే దించినట్టుంది.

అయితే కాసినీ శని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది 2004 జులైలో. మనకు ఏలినాటి శని ఏడున్నరేళ్లు పడితేనే గగ్గోలు పెడతాం, దానికి పదమూడేళ్లు పట్టింది. మరి అన్నేళ్లు అక్కడే ఉండి ఈ ఫొటోలు చివరి ఏడాది దాకా ఎందుకు తీయలేదు? అసలు అక్కడ అలాంటి చంద్రుళ్లున్నాయని ఎవరికి, ఎలా తెలిసింది?

శని వలయాలు మహా వెలుగు. ఆ వెలుగు పక్కన చిన్న చంద్రుడు భూమ్మీది టెలిస్కోపులకు కనబడడు, పెళ్లి పందిట్లో సీరియల్ లైట్ల మధ్య మిణుగురులాగా. కానీ దాదాపు పదిహేనేళ్లకోసారి వలయాలు మనకు సరిగ్గా అంచు మీద కనిపిస్తాయి. కాగితాన్ని అంచు వైపు నుంచి చూసినట్టు సన్నటి గీత అయిపోతాయి, ఆ కొద్ది రోజులే వేటకు అదును. 1966లో అలాంటి అదునే దొరికింది. డిసెంబర్ 15న ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆడ్యుయిన్ డాల్‌ఫస్ ఒక చంద్రుణ్ని చూసి జానస్ అని పేరు పెట్టాడు. మూడు రోజుల తర్వాత అమెరికాలో రిచర్డ్ వాకర్ కూడా ఒకదాన్ని చూశాడు. అందరూ అదీ ఇదీ ఒకటేననుకున్నారు. కానీ లెక్క కుదరలేదు, ఒకే కక్ష్యలో ఒకే చంద్రుడు అనుకుంటే ఒకసారి ఇక్కడ, ఇంకోసారి ఉండకూడని చోట. పన్నెండేళ్లు గడిచాక, 1978లో ఫౌంటెన్, లార్సన్ అనే ఇద్దరు అవి రెండు వేరువేరు చంద్రుళ్లని తేల్చారు. రెండోదే ఎపిమీథియస్.

ఈ జంట సంగతి చెప్పకుండా ముందుకెళ్లబుద్ధి కావట్లేదు. రెండింటి కక్ష్యలకూ తేడా సుమారు 50 కిలోమీటర్లే. జానస్ అడ్డకొలతే దాదాపు 180, ఎపిమీథియస్‌ది 116. అంటే ఒకదాన్ని ఇంకొకటి ఓవర్‌టేక్ చేయడానికి రోడ్డే లేదు. లోపలిది కొంచెం వేగంగా పోతుంది కాబట్టి నాలుగేళ్లకోసారి వెనకనుంచి వచ్చి బయటిదాన్ని అందుకోబోతుంది. అప్పుడు గుద్దుకోవు, ఇంకా వేల కిలోమీటర్ల దూరం ఉండగానే ఒకదాని ఆకర్షణ ఇంకొకదాన్ని లాగి, లోపలిది బయటికీ బయటిది లోపలికీ మారిపోతాయి. ఇన్నాళ్లూ లేని పెద్దరికం రాత్రికి రాత్రి తోడికోడళ్లు మార్చుకున్నట్టు.

తర్వాత వ్యోమనౌకల వంతు. 1979 సెప్టెంబర్‌లో పయనీర్ 11, 1980 నవంబర్‌లో వాయేజర్ 1, 1981 ఆగస్టులో వాయేజర్ 2. ఇవి అటుగా పోతూ పోతూ చూసినవే, ఆగినవి కావు. అట్లాస్, ప్రొమీథియస్, పాండోరా వాయేజర్ 1 ఫొటోల్లోనే బయటపడ్డాయి, కానీ వాటి ఆకారం వివరంగా చూసే వీలు దొరకలేదు.

అదే సమయంలో ఇంకో వైపు నుంచి ఒక ఆలోచన వచ్చి చేరింది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు దానికి కాస్త ముందూ, ఆ తర్వాతా నక్షత్రం మినుకుమినుకుమంది, దాంతో యురేనస్‌కూ సన్నటి వలయాలున్నాయని తెలిసింది. దీన్ని చూసినవాళ్లలో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ వాళ్లూ ఉన్నారు. అప్పట్లో దాన్ని నడిపిన వైను బప్పు పెరిగింది హైదరాబాద్‌లో, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. సరే, అసలు ప్రశ్న ఏమిటంటే ఆ వలయాలు చెదిరిపోకుండా అంత సన్నగా ఎలా ఉన్నాయి? 1979లో పీటర్ గోల్డ్‌రైక్, స్కాట్ ట్రెమేన్ ఒక జవాబు చెప్పారు: రెండు పక్కలా బుల్లి చంద్రుళ్లు గొర్రెల కాపరుల్లా కాపలా కాస్తుండాలి. ఏడాది తిరిగేసరికి శని ప్రధాన వలయాల బయట ఉన్న సన్నటి ఎఫ్ వలయానికి చెరో పక్క ప్రొమీథియస్, పాండోరా కనబడ్డాయి. పాండోరా నిజంగా కాపరి పని చేస్తోందా లేదా అన్నది తర్వాత అనుమానంలో పడింది గానీ, చంద్రుడు వలయాన్ని చెక్కుతాడు అన్న మాట నిలబడింది.

పాన్ దొరికింది ఈ దారిలోనే. శని ఎ వలయంలో 325 కిలోమీటర్ల వెడల్పున ఎంకె అనే సందు ఉంది. ఆ సందు అంచులు గీత గీసినట్టు లేకుండా అలలు అలలుగా ఉన్నాయని వాయేజర్ ఫొటోల్లో గమనించి, లోపల ఏదో చంద్రుడు ఉండి తీరాలని 1985లో కజీ, స్కార్గల్ అన్నారు. మార్క్ షోవాల్టర్ ఆ అలల్ని బట్టి అది ఎక్కడుండాలో లెక్కగట్టి, 1990లో పాత వాయేజర్ ఫొటోల్లో వెతికితే ఒక చిన్న చుక్క. తొమ్మిదేళ్లుగా ఆ ఫొటోల్లోనే ఉంది, ఎవరి కంటా పడలేదంతే. ఇసుకలో జాడ చూసి పాము ఎక్కడుందో చెప్పినట్టు.

కాసినీ 1997 అక్టోబర్ 15న బయల్దేరింది. దాని కథలో ఓ తిరకాసు ఉంది. ఖర్చు తగ్గించడానికి 1992లో డిజైన్ కోసేసినప్పుడు కెమెరాలు అటూ ఇటూ తిరిగే ఏర్పాటు ఎగిరిపోయింది. కెమెరాలను ఒంటికే బిగించేశారు. ఫొటో తీయాలంటే మొత్తం నౌకే తిరగాలి, తీసింది భూమికి పంపాలంటే మళ్లీ యాంటెన్నా ఇటు తిప్పాలి. పైగా దారిలో, 2001లో, దూరాన్ని చూసే కెమెరా అద్దాలకు మసక పట్టింది. నెలల తరబడి దాన్ని వెచ్చబెట్టి చల్లార్చి, 2002కి శుభ్రం చేశారు. ఆ టెన్షన్ ఊహించుకోండి, మెకానిక్ వందల మిలియన్ కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు.

అయినా దొరికినవాటిని వదల్లేదు. శనిని చేరకముందే 2004 జూన్ 11న ఫీబీ అనే శని చంద్రుడికి 2,068 కిలోమీటర్ల దగ్గర్నుంచి పోయింది. 2005 సెప్టెంబర్‌లో హైపీరియన్ అనే ఇంకో చంద్రుణ్ని చూస్తే స్నానం స్పాంజిలా గుంటలు గుంటలు, లోపల నలభై శాతానికి పైగా ఖాళీయే. 2012 మేలో మిథోనీ, మూడు కిలోమీటర్ల చంద్రుడు, ఒక్క గుంట కూడా లేని నున్నటి గుడ్డు. చందమామ అంటే గుంటలమయం అని చదువుకున్న మనకు అది కొంచెం భయం పుట్టించే నునుపు.

పాన్, అట్లాస్, డాఫ్నిస్ అనే ఇంకో బుల్లి చంద్రుడు మాత్రం దూరంగానే ఉండిపోయాయి. కారణం సింపుల్. అవి వలయాల లోపలో, అంచునో ఉన్నాయి. అక్కడికి దగ్గరగా పోతే ఇసుక రేణువంత మంచు తగిలినా, ఆ వేగానికి నౌక గల్లంతు కావచ్చు. 2004లో వచ్చేటప్పుడు వలయాల తలాన్ని ఒక ఖాళీలోంచి దాటుతూ పెద్ద యాంటెన్నాను గొడుగులా ముందుకు పెట్టుకుంది. చేయాల్సిన పని బోలెడు ఉండగా అలాంటి రిస్కు మళ్లీమళ్లీ ఎవరు తీసుకుంటారు?

ఇంధనం అయిపోవచ్చాక లెక్క మారింది. ఎన్సెలాడస్ అనే శని చంద్రుడి మీద మంచు కింద సముద్రం ఉందని కాసినీయే కనిపెట్టింది, అదుపు తప్పిన నౌక వెళ్లి దాని మీదే పడితే భూమి నుంచి తెచ్చిన సూక్ష్మజీవులు అక్కడ చేరే ప్రమాదం. అందుకే దాన్ని శనిలోనే పడేయాలని నిర్ణయించారు. పోయే ప్రాణమే కదా, ఇప్పటిదాకా భయపడిన చోటికే పంపుదామన్నారు. 2016 నవంబర్ చివర్నుంచి ఏప్రిల్ దాకా 20 సార్లు ఎఫ్ వలయం అంచును రాసుకుంటూ తిరిగింది. 2017 జనవరి 16న డాఫ్నిస్, మార్చిలో పాన్, ఏప్రిల్‌లో అట్లాస్. మరణశిక్ష పడితే గానీ ఈ ఫొటోలు రాలేదు.

ఇడ్లీ అంచు విషయానికొస్తే, శాస్త్రవేత్తలు మరీ నోరెళ్లబెట్టలేదు. 2007లోనే కరొలిన్ పోర్కో బృందం, సెబాస్టియన్ షార్నోజ్ బృందం దీని గురించి రాశారు. ఈ చంద్రుళ్ల సాంద్రత నీటి మంచులో సగమే, అంటే గట్టి రాయి కాదు, పొడిపొడి మంచు కుప్ప. లోపల ఒక గట్టి ముక్క ఉండి, దాని మీద వలయాల మంచు పేరుకుని ఉండాలి. వలయం మందం పదుల మీటర్లే, పాన్ తిరిగేది సరిగ్గా ఆ తలంలోనే. కాబట్టి రాలేదంతా నడుం మీదే రాలుతుంది, ధ్రువాల మీద రాలడానికి పైన ఏమీ లేదు. ఆకర్షణ శక్తి నామమాత్రం కనుక ఆ గట్టు కూలదు కూడా. చంద్రుడు వలయాన్ని చెక్కుతుంటే వలయం చంద్రుడి నడుం చుట్టూ పూత పూస్తోందన్నమాట.

2018లో లెలూ, యుట్జీ, రూబిన్ దీనికి అడ్డం తిరిగారు. దాదాపు సమానమైన రెండు చిన్న చంద్రుళ్లు నెమ్మదిగా ఎదురెదురుగా గుద్దుకుని అతుక్కున్నా ఇదే ఆకారం వస్తుందని కంప్యూటర్లో చూపించారు. 2019లో బొనీ బురాటీ బృందం కాసినీ చివరి కొలతలు తీసి చూస్తే, వలయాలకు దగ్గరగా ఉన్న చంద్రుళ్లు వలయాల్లాగే ఎర్రటి ఛాయలో, దూరం పోయేకొద్దీ ఎన్సెలాడస్ చిమ్మే మంచు వల్ల నీలం ఛాయలో ఉన్నాయి. పైపూత వలయాలదేనన్న మాటకు ఇది బలం. లోపలి ముద్ద ఎలా పుట్టిందన్నది వేరే సంగతి, అక్కడ గుద్దుకోవడం జరిగి ఉన్నా నాకు ఆశ్చర్యం లేదు.

కాసినీ 2017 సెప్టెంబర్ 15న శనిలో కాలిపోయింది. పాన్ ఫొటోల్లో మంచివాటిని 24,572 కిలోమీటర్ల నుంచి తీశారు, ఫొటోలో ఒక్కో చుక్క (పిక్సెల్) అంటే అక్కడ దాదాపు 150 మీటర్లు. శని వైపు పోవడానికి ఇప్పుడు సిద్ధమవుతున్నది నాసా డ్రాగన్‌ఫ్లై, 2028లో బయల్దేరి 2034లో చేరుతుంది. అది దిగేది నేరుగా శని పెద్ద చంద్రుడు టైటాన్ మీద, వలయాల వైపు వెళ్లదు.