వేపచెట్టు కింది పాట అవతలి గోల్ పోస్ట్ దాకా ఎందుకు పోదు?

నెల్లూరులో మే నెల సాయంత్రం నాలుగున్నరకి ఫుట్‌బాల్ మ్యాచ్ పెడితే జనం ఎక్కడ చేరతారో ముందే చెప్పొచ్చు. పడమటి వైపు చేరతారు, నీడ అక్కడే ఉంటుంది కాబట్టి. అక్కడైనా ఒకచోట కూర్చోరు, చెట్టుకో గుంపు. వేపచెట్టు కింద ఇరవై మంది, పక్కన తురాయి చెట్టు కింద పదిహేను మంది, మిగిలినవాళ్లు బైకుల మీద. ఆ రోజు ఒక టోర్నమెంటులో రెండు కాలేజీల మధ్య ఆట. మూడొందల మంది దాకా వచ్చారు. మన ఊళ్లో ఫుట్‌బాల్‌కి అది మంచి జనమే.

మొదటి గోల్ పడగానే వేపచెట్టు కుర్రాళ్లు చప్పట్లు కొడుతూ కాలేజీ పేరు ఎత్తుకున్నారు. తురాయి చెట్టు వాళ్లు అందుకున్నారు. అవతలి గోల్ పోస్ట్ వెనకాల ఉన్నవాళ్లూ కలిశారు. ఇంక గ్రౌండ్ దద్దరిల్లిపోతుందనుకున్నా. ఇరవై సెకన్లు కూడా నిలవలేదు. ఒక గుంపు పేరు సగంలో ఉండగానే ఇంకో గుంపు మొదలుపెట్టేస్తోంది, చప్పట్లు రేకుల మీద వాన పడ్డట్టు అయిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుని ఆపేశారు.

"వీళ్లకి ఊపు లేదబ్బయ్యా" అన్నాడు నా పక్కనున్న పెద్దాయన. ఊపుకేం, కావలసినంత ఉంది. వాళ్ల పాటని చంపింది ధ్వని నడక.

పెన్నా ఒడ్డున నిలబడి దూరంగా రేవులో బట్టలు ఉతికేవాళ్లని చూసినవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. బట్ట బండకి తగలడం ముందు కనబడుతుంది. చేతులు మళ్లీ పైకి లేచాక చప్పుడు చెవిన పడుతుంది. 20 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకి 343 మీటర్లు పోతుంది. గాలి వేడెక్కే కొద్దీ కాస్త వేగం పుంజుకుని, మన 40 డిగ్రీల ఎండలో 355 మీటర్ల దాకా వస్తుంది. నెల్లూరు ఎండ వల్ల పాటకి ఒరిగే మేలు అదొక్కటే, అదీ పెద్దగా అక్కరకు రాదు.

లెక్క చూడండి. పెద్ద మ్యాచ్‌లు ఆడే మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఒక గోల్ పోస్ట్ దగ్గర కొట్టిన చప్పట్లు రెండో గోల్ పోస్ట్ దగ్గరికి చేరడానికి 0.3 సెకన్లు పడుతుంది. నిమిషానికి 120 చప్పట్లు కొడుతున్నామంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్నది అర సెకనే. అంటే అవతలివాళ్లు సరిగ్గా మనతో పాటే కొట్టినా, వాళ్ల దెబ్బ మన రెండు దెబ్బల మధ్య సందులో, అదీ సగం దాటాక వచ్చి పడుతుంది.

చెవికి ఇంకో గుణం ఉంది. పక్కవాడి తాళం వెనకపడిందని తోస్తే మనకి తెలియకుండానే మనం నిదానిస్తాం. అవతలివాళ్లకి మన చప్పుడు కూడా ఆలస్యంగానే అందుతుంది కాబట్టి వాళ్లూ నిదానిస్తారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఇద్దరిద్దరిని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లలో ఒకరి చప్పట్లు ఒకరికి కావాలని ఆలస్యంగా వినిపించి చూశారు. ఆలస్యం పెంచే కొద్దీ ఇద్దరి తాళమూ ఈడ్చుకుంటూ పోయింది. మన గ్రౌండ్‌లో ఇద్దరు కాదు, ఏడెనిమిది చెట్ల కింద ఏడెనిమిది గుంపులు.

జనం ఎక్కువైతే ఆ సద్దులో ఇదంతా కలిసిపోదా అని అడగొచ్చు. సద్దు పెరిగే తీరు కూడా మనం అనుకున్నట్టు ఉండదు. ఒక్కడు అరిచే చోట పదిమంది అరిస్తే 10 డెసిబెల్స్ పెరుగుతుంది, మన చెవికి అది దాదాపు రెండింతలు. వంద మంది అరిస్తే నాలుగింతలు, వెయ్యి మంది అరిస్తే ఎనిమిదింతలు, అంతే. దూరం మాత్రం నిర్దాక్షిణ్యంగా కోసేస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. 10 మీటర్ల దూరంలో పాడే పదిమందీ, 30 మీటర్ల అవతల పాడే వంద మందీ మన చెవికి ఇంచుమించు సమానం. ఇంకో మూడొందల మందిని పోగు చేసే కన్నా, ఉన్న మూడొందల మందిని ఒకచోట చేరిస్తే ఫలం ఎక్కువ.

ఎండ చేసే అన్యాయం ఇంకొకటుంది. మధ్యాహ్నం నేలని అంటుకున్న గాలి బాగా వేడిగా, పైగాలి కాస్త చల్లగా ఉంటుంది. వేడిగాలిలో ధ్వని వేగం ఎక్కువ కాబట్టి అల అడుగుభాగం ముందుకి దూకి, అల మొత్తం ఆకాశం వైపు వంగుతుంది. తెల్లవారుజామున పరిస్థితి తిరగబడుతుంది. నేల చల్లబడి ఉంటుంది, ధ్వని కిందికే వంగుతూ పోతుంది. ఏటి అవతల గుడి మైకు ఆ వేళప్పుడు మన గుమ్మంలో పెట్టినట్టు వినబడేది అందుకే. దానికి తోడు ఎండాకాలం సాయంత్రాలు మనకి సముద్రపు గాలి తూర్పు నుంచి వీస్తుంది. ధ్వని గాలికి ఎదురెళ్తే పైకే వంగుతుంది. నీడ కోసం పడమట చేరిన జనం పాట ఆ గాలికి ఎదురీదాలన్నమాట. యాభై అరవై మీటర్లకి ఇదేమంత లెక్కలోకి రాదు గానీ, అవతలి మూల చేరేసరికి కొంత తేడా పడుతుంది. ఫ్లడ్‌లైట్ల వెలుగులో రాత్రి ఆడే మ్యాచ్‌లకి ఈ బాధ తక్కువ.

అయితే వేలమంది ఒకే తాళానికి రావడం అసలు సాధ్యమేనా? సాధ్యమే, ఎలాగో కూడా తెలుసు. రుమేనియా, హంగరీ థియేటర్లలో నాటకం అయ్యాక ప్రేక్షకులు కొట్టే చప్పట్లను కొందరు భౌతిక శాస్త్రవేత్తలు రికార్డు చేసి, 2000 సంవత్సరంలో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. అక్కడి జనం మొదట ఎవరికి తోచినట్టు గబగబా కొడతారు. కాసేపటికి ఎవరూ చెప్పకుండానే అందరూ ఒక్క తాళంలోకి వస్తారు. ఎప్పుడొస్తారయ్యా అంటే, వేగం సుమారు సగానికి తగ్గించినప్పుడు. గబగబా కొట్టేటప్పుడు మనిషికీ మనిషికీ వేగంలో తేడా ఎక్కువ. నెమ్మదిగా కొట్టేటప్పుడు ఆ తేడా తగ్గిపోతుంది, కలవడం తేలికవుతుంది. ఇక్కడే ఒక తమాషా ఉంది. తాళం కలిశాక వేగం తగ్గింది కాబట్టి మొత్తం సద్దు కూడా తగ్గుతుంది. జనానికి అది చాలదు. ఇంకా గట్టిగా మోగించాలని వేగం పెంచుతారు. వెంటనే తాళం చెడుతుంది. మన వేపచెట్టు కుర్రాళ్లు సరిగ్గా ఇదే చేశారు.

2016 యూరో కప్‌లో ఐస్‌లాండ్ అభిమానులు చేసిన చప్పట్లు గుర్తున్నాయా? చేతులు తల మీదికి ఎత్తి, ఒక్క దెబ్బ, ఒక్క కేక, ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఒక్క దెబ్బ. ఆ దేశం జనాభా అప్పటికి మూడు లక్షల చిల్లర, నెల్లూరు నగరం కన్నా తక్కువ. రెండు దెబ్బల మధ్య అంత జాగా ఉంటే 0.3 సెకన్ల ఆలస్యం అందులో కలిసిపోతుంది. పైగా చేతులు తలపైన ఉండటం వల్ల అవతలి స్టాండ్ వాడు చెవి మీద ఆధారపడకుండా కళ్లతో చూసి కొట్టగలడు.

నాకు ఇది చదివినప్పుడల్లా మెట్ట ఊళ్ల చెక్కభజన కళ్ల ముందు ఆడుతుంది. ఉదయగిరి వైపో కనిగిరి వైపో రాత్రిపూట రామాలయం ముందు చూసే ఉంటారు. ఇరవై మంది గుండ్రంగా నిలబడతారు. చేతుల్లో చెక్కలు, కాళ్లకి గజ్జెలు. నడిమధ్యలో గురువు. ఆ వలయం మధ్య నుంచి అంచుకి నాలుగు మీటర్లు ఉంటుందనుకుందాం. గురువు గొంతు అందరికీ సెకనులో వందో వంతుకి కాస్త అటూఇటుగా, అదీ ఒకేసారి అందుతుంది. అందరికీ ఆయన పాదాలు కనబడతాయి. ఆయన చిన్న చరణం ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. వాళ్లు పాడేటప్పుడు ఆయన ఊపిరి తీసుకుంటాడు, ఆయన పాడేటప్పుడు వాళ్లు. తాళం నోటితో పాటు కాలిలో, చేతిలో కూడా ఉండటం వల్ల ఒకచోట జారినా ఇంకోచోట పట్టుకుంటుంది. మొదలు ఎప్పుడూ నిదానమే. అడుగు కుదిరిందని గురువుకి నమ్మకం కలిగాకే నడక పెంచుతాడు. కుర్రాడెవడైనా ముందే ఉరికితే పాట ఆపకుండానే ఒక్క చూపు చూస్తాడు, చాలు.

యూరప్ స్టేడియాల్లో ఈ గురువుని కాపో అంటారు. పెద్ద అని అర్థం వచ్చే ఇటలీ మాట. స్టాండ్ ముందు కాస్త ఎత్తు మీద నిలబడి, పక్కన డ్రమ్ పెట్టించుకుని, ఆటకి వీపు తిప్పి తొంభై నిమిషాలూ జనం వైపే చూస్తూ పాడిస్తాడు. మ్యాచ్‌కి వచ్చి మ్యాచ్ చూడకుండా పోయే మనిషి!

జర్మనీలో డోర్ట్‌మండ్ జట్టు స్టేడియంలో దక్షిణం వైపు స్టాండ్‌లో సుమారు 25 వేల మంది నిలబడే ఆట చూస్తారు. పసుపు గోడ అని దానికి పేరు. ఏటవాలు మెట్లు, మనిషిని ఆనుకుని మనిషి, పైన కప్పు. ఆకాశంలోకి పోవలసిన గొంతుని ఆ కప్పు కొట్టి మళ్లీ కిందికి పంపుతుంది. మన దగ్గర వేసే షామియానా నీడ ఇస్తుంది గానీ ఈ పని చెయ్యదు, గుడ్డలోంచి ధ్వని దాటిపోతుంది. రేకుల షెడ్డు నయం. వెనక గోడ ఉన్న సిమెంటు మెట్లు ఇంకా నయం.

మనిషిని ఆనుకుని మనిషి అన్నాను గానీ ఆ మాట జాగ్రత్తగా అనాలి. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో నిలబడే స్టాండ్‌లోకి పట్టనంత మందిని వదలడంతో కంచెకి నలిగి 97 మంది పోయారు. ఆ తర్వాత అక్కడ పెద్ద జట్ల స్టేడియాలన్నీ కుర్చీలకి మారాయి. పాట పలచబడిందని పాతవాళ్లు ఇప్పటికీ వాపోతారు. కూర్చుంటే పొట్ట ముడుచుకుని ఊపిరి నిండా అందదు కాబట్టి అందులో నిజం లేకపోలేదు. 2022 నుంచి వరసకో ఇనుప కడ్డీ పెట్టి, మనిషికో చోటు లెక్కన మళ్లీ నిలబడనిస్తున్నారు.

పాటకి ఇంకో శత్రువు యంత్రం. 2010 దక్షిణాఫ్రికా ప్రపంచ కప్‌లో వువుజెలా బూరలు 235 హెర్ట్జ్ దగ్గర ఒకటే స్వరం ఊదాయి. మనిషి గొంతు ఉండేది కూడా ఆ చుట్టుపక్కలే కాబట్టి పాటలన్నీ వాటి కింద అణిగిపోయాయి. మన తిరునాళ్ల బూర కూడా ఆ జాతిదే. నేను చెప్పిన టోర్నమెంటులోనే ఫైనల్ నాటికి ఎవరో రెండు నిలువెత్తు డీజే బాక్సులు తెచ్చి పెట్టారు. బంతి బయటికి పోతే చాలు సినిమా పాట. జనం గొంతు విప్పబోయిన ప్రతిసారీ ఆ బాక్సులు నోరు నొక్కాయి. ఆపమని అడిగితే "జోష్ కోసం సార్" అన్నారు.

ఇంతా చేసి పాట వల్ల ఆటకి ఏమైనా ఒరుగుతుందా అంటే, రిఫరీని అడగాలి. ఇంగ్లండ్‌లో 40 మంది రిఫరీలకి లివర్‌పూల్, లెస్టర్ జట్ల మ్యాచ్‌లోని 47 ట్యాకిల్స్ వీడియోలో చూపించారు. కొందరికి జనం సద్దుతో, కొందరికి సద్దు లేకుండా. సద్దు విన్నవాళ్లు సొంతూరి జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. కోవిడ్ రోజుల్లో ఖాళీ స్టేడియాల్లో ఆడించినప్పుడు పొరుగూరి జట్లకి పసుపు కార్డులు తగ్గాయి కూడా.

సెమీఫైనల్ రోజు, అంటే ఆ బాక్సులు రాకముందు, కుర్రాళ్లతో ఒక ప్రయోగం చేయించాను. అందరినీ చెట్ల కింది నుంచి లేపి గోల్ పోస్ట్ వెనక ఉన్న నాలుగు సిమెంటు మెట్ల మీదికి తెచ్చాం. ఎండ తగులుతోందని గొణిగారు. ఊళ్లో జాతరకి పలక కొట్టే కుర్రాడొకడు దొరికితే వాణ్ణి అందరికీ ఎదురుగా, ఆటకి వీపు పెట్టి నిలబెట్టాం. నెమ్మదిగా కొట్టు, ఎవరు తొందరపెట్టినా పెంచొద్దు అని మాత్రం చెప్పాను. ఎనభై మంది కూడా లేరు. పలక రెండు దెబ్బలు, ఊరి పేరు ఒకసారి, మళ్లీ రెండు దెబ్బలు. ఫస్టాఫ్‌లో రెండుసార్లు చెదిరింది. సెకండాఫ్‌లో చెదరలేదు. అవతలి గోల్‌కీపర్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మ్యాచ్ అయ్యి జనం బైకులు తీస్తుంటే పలక భుజానికి తగిలించుకుని ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. "అన్నా, ఇంతకీ ఎవరు గెలిచారు?"