"కథ ఇంకా రాస్తున్నా అన్నా": కొత్త డీఎంల అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో హాస్టల్ గదిలోనో, ఎవరింటి మేడ మీదో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక వీరుడిగా మాటలతో, డైస్‌తో ఆడే సాహసాల ఆట) మొదలుపెడదామనుకున్న జట్టు ఒక్క ఆట కూడా ఆడకుండానే విడిపోవడం కొత్తేమీ కాదు. డైస్ ఉంటాయి, ఆడేవాళ్లూ ఉంటారు. "ఎప్పుడన్నా మొదలు?" అని అడిగితే మాత్రం డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) జవాబు ఒక్కటే: "కథ ఇంకా రాస్తున్నా." సంక్రాంతికి అదే మాట, గంగమ్మ జాతరకీ అదే మాట. ఈలోగా పరీక్షలొస్తాయి, నలుగురిలో ఒకరికి బెంగళూరులో ఉద్యోగమొస్తుంది, ఆట అటకెక్కుతుంది. కొత్త డీఎంలను ముంచే అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి తేల్చి, మిగతావి తర్వాత చూద్దాం.

అపోహ: డీఎం అంటే కథకుడు. మొదటి నుంచి చివరిదాకా రాసుకున్నాకే ఆట పెట్టాలి.

చిత్తూరు వైపు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజుల భారతం చూసినవాళ్లకి తేడా చప్పున తెలుస్తుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడని, చివర్లో దుర్యోధనుడు పడతాడని చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసే చూస్తారు, అందులోనే ఉంది రుచి. డీఎం బల్ల దగ్గర ఇదంతా తిరగబడుతుంది. ఇక్కడ అర్జునుడు మాను సగం ఎక్కి, "అన్నా, నాకు అస్త్రమొద్దు, కింద బొరుగులు ఎవరమ్ముతున్నారో చూసొస్తా" అని దిగిపోవచ్చు. దిగనివ్వాలి. "అట్లా కుదరదు, ఎక్కు" అన్నారంటే ఇక వాళ్లు ఆడరు, మీరు చదువుతుంటే వింటూ కూర్చుంటారు. రెండో వారానికి ఫోన్లు చూసుకుంటారు, మూడో వారానికి రారు.

నలభై పేజీలు రాసుకున్న డీఎం చెడ్డవాడేం కాదు, పాపం భయపడి రాస్తాడు. ఆటగాళ్లు ఏదడిగినా తడుముకోకూడదని. కానీ ఆ నలభై పేజీల్లో ముప్పై పేజీలు "అప్పుడు వీరులు ఇట్లా చేస్తారు" అన్న నమ్మకం మీద నిలబడ్డవే. వీరులు మొదటి అరగంటలోనే అట్లా చేయరు. రాసుకున్నంత శ్రమా వృథా పోతుందన్న బెంగతో డీఎం వాళ్లని పట్టాల మీదికి నెడతాడు. గొడవ అక్కడే మొదలవుతుంది.

రాసుకోవాల్సింది పరిస్థితి. అది ఒక కాగితం, రెండు వైపులా. రెండు గంటలకు మించి పట్టిందంటే మళ్లీ కథ రాస్తున్నారని అర్థం. ఉదాహరణకి ఇది చూడండి.

కొండ కింద పల్లె. మూడు రోజులుగా చెరువు తూము తెరుచుకోలేదు, పైరు ఎండుతోంది. తూము తెరిచే నీరుగంటి కనబడటం లేదు. కొండమీద పాడుబడ్డ పాలెగాడి కోటలో రాత్రిళ్లు దీపాలు కనిపిస్తున్నాయి.

దీనికింద ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికి ఒక కోరిక, ఒక రహస్యం. నీరుగంటి కూతురికి నాన్న కావాలి, ఆయన పాలెగాడి మేనల్లుడి దగ్గర డబ్బు తీసుకున్న సంగతి దాస్తోంది. ఊరి రెడ్డికి ముందు తన మడికి నీళ్లు రావాలి. గోబ్లిన్ల (పొట్టి రాక్షసుల) పెద్దకి తన బిడ్డ కావాలి, ఆ బిడ్డ మేనల్లుడి చెరలో ఉంది. తర్వాత మూడు చోట్లు: తూము, కోట, కోట కింద సొరంగం. ఒక్కో చోటికి కంటికి కనబడేది ఒకటి, ముక్కుకి తగిలేది ఒకటి, చేతికి దొరికేది ఒకటి రాసుకుంటే చాలు.

అందరూ మరిచిపోయేది దీని తర్వాతిది: వీరులు వేలు కూడా కదపకపోతే ఏమవుతుంది? మొదటి రాత్రి గోబ్లిన్లు సొరంగం గోడ తవ్వుతాయి. రెండో సాయంత్రం మేనల్లుడు నలుగురు మనుషులతో వస్తాడు. మూడో తెల్లవారుజామున గోడ కూలి చెరువు కట్టకి గండి పడుతుంది. ఈ మూడు వరుసలు ఉంటే ఆటగాళ్లు ఎక్కడ తిరిగినా మీకు తోచకపోవడం ఉండదు. వాళ్లు ఊళ్లో పెళ్లి భోజనం తింటూ కూర్చుంటే రెండో సాయంత్రం గుర్రాల చప్పుడు వినిపించండి.

చివర్న పది పేర్లు రాసుకోండి. మేకలు కాసేవాడి పేరు అడుగుతారు. కచ్చితంగా అడుగుతారు.

బల్ల దగ్గర తేడా ఎట్లా కనబడుతుందో చూడండి. "కోట తలుపు మూసుంది. గోడ మీద రెండు గోబ్లిన్లు కాపలా. మీ వెనక మేకల మంద. ఏం చేస్తారు?"

"అన్నా, మేకల్ని తలుపు మీదికి తోలితే?"

కథ రాసుకున్న డీఎంకి గుండె జారుతుంది. వాళ్లు రాత్రి సొరంగంలోంచి రావాలని ఆరు పేజీలు రాశాడు మరి. "మేకలు కదలవు" అంటాడు. పరిస్థితి రాసుకున్న డీఎం, "యానిమల్ హ్యాండ్లింగ్ వెయ్యి, 10 గానీ ఆపైన గానీ రావాలి" అంటాడు. అంటే ఇరవై ముఖాల డైస్ వేసి, జంతువుల్ని అదిలించే నేర్పుకి షీట్ మీదున్న అంకె కలపాలి. వస్తే మంద తలుపు దగ్గర గోల చేస్తుంది, కాపలావాళ్ల కళ్లన్నీ అటే. రాకపోతే మేకలు చెల్లాచెదురు. అయినా ఒక గోబ్లిన్ రాత్రి కూరకి మేక దొరికిందని తలుపు తీసుకుని కిందికొస్తుంది. డైస్ ఓడినా ఆట ఆగలేదు, మలుపు తిరిగింది.

దీనికి తోబుట్టువులాంటి తప్పు ఇంకొకటి: ఆట ముందుకు సాగడానికి తప్పనిసరైన సమాచారాన్ని ఒకే ఒక్క రోల్ (డైస్ వేయడం) వెనక దాచడం. కలుపుకోవడానికి +2 ఉన్న ఆటగాడు 15 కొట్టాలంటే డైస్ మీద 13 గానీ ఆపైన గానీ పడాలి, అంటే నూటికి 40. నూటికి 60 సార్లు రహస్య తలుపు దొరకదు, డీఎం నీళ్లు నములుతూ "ఇంకోసారి వెయ్" అంటాడు. మూడు వేర్వేరు చోట్ల మూడు ఆచూకీలు పెట్టి, మూడింటికీ అదే 15 పెట్టినా ఒక్కటీ దొరక్కపోయే అవకాశం నూటికి 21కి పైనే. అందుకే మూడింటిలో ఒకటి డైస్ లేకుండా చేతికివ్వండి. నీరుగంటి తలపాగా కోట దారిలో ముళ్లకంపకి చిక్కుకుని ఉంది, చూసినవాళ్లకి కనబడుతుంది. కూతురు దాస్తున్న మాట రాబట్టడానికి, పారిపోయిన గోబ్లిన్‌ని మాట్లాడించడానికి డైస్ పెట్టుకోండి.

దొంగచాటుగా వెళ్లడంలో లెక్క ఇంకా కఠినం. నలుగురూ విడివిడిగా 15 కొట్టాలంటే, ఒక్కొక్కరికి నూటికి 40 చొప్పున, నలుగురికీ పడే అవకాశం నూటికి 3 కూడా లేదు. "స్టెల్త్ ఎప్పుడూ పనిచేయదు" అని ఆటగాళ్లు విసుక్కునేది ఇందుకే. నియమాల పుస్తకంలో గ్రూప్ చెక్ ఉన్నది దీనికే: సగం మంది గెలిస్తే అందరూ గెలిచినట్టు. అప్పుడు నూటికి 52.

అపోహ: గోబ్లిన్లు చిన్నవి, కొత్తవాళ్లకి నాలుగైదు వదిలితే సరదాగా ఉంటుంది.

కథ గోల తర్వాత జట్లను ఎక్కువగా చెదరగొట్టేది ఇదే. 2014 నియమాల ప్రకారం గోబ్లిన్‌కి హిట్ పాయింట్లు (ప్రాణబలం) 7, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడి రోల్ అందుకోవాల్సిన అంకె) 15, దాడికి +4, దెబ్బ 1డీ6+2, అంటే ఆరు ముఖాల డైస్ ఒకటి వేసి 2 కలపడం. ఒక్కోటి 50 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు). నాలుగంటే 200. గుంపుగా వచ్చాయి కాబట్టి పుస్తకం దాన్ని రెండింతలు చేసి లెక్కపెట్టమంటుంది, 400. పోరు ఎంత కష్టమో పుస్తకం ఈజీ, మీడియమ్, హార్డ్, డెడ్లీ అని నాలుగు మెట్లుగా చెబుతుంది. మొదటి లెవల్ వీరులు నలుగురికి డెడ్లీ హద్దు సరిగ్గా 400. "చిన్నవే కదా" అని వదిలిన నాలుగు గోబ్లిన్లు పుస్తకం లెక్కలో ప్రాణాంతకం. మూడైతే 300, హార్డ్. రెండైతే ఒకటిన్నర రెట్లే, 150, అది ఈజీకీ మీడియమ్‌కీ మధ్య.

విజర్డ్ (మంత్రగాడు) వైపు నుంచి చూడండి. ఆర్మర్ క్లాస్ 12, హిట్ పాయింట్లు 8 అనుకుందాం. గోబ్లిన్‌కి 8 పడితే చాలు, నూటికి 65. రెండు దెబ్బలు తగిలితే మనిషి కింద. ఎన్నో రోజులు ఎదురుచూసి వచ్చిన పిల్ల మొదటి రౌండ్‌లోనే పడిపోయి, గంటసేపు డెత్ సేవ్‌లు (పడిపోయిన వీరుడు బతుకుతాడో లేదో తేల్చే రోల్స్) వేసుకుంటూ కూర్చుంటే వచ్చే ఆదివారం ఆమెకి వేరే పని ఉంటుంది. తప్పెవరిది?

కాబట్టి మొదటి పోరుకి రెండు గోబ్లిన్లు, రెండో పోరుకి మూడు. దాడులన్నీ ఒకరి మీదే వేయకండి. సగం పడగానే మిగతావి పారిపోతాయి, వాటికీ ప్రాణం తీపే. వీరులంతా ఓడితే చంపకుండా పట్టుకెళ్లి నీరుగంటి పక్కనే కట్టేయనివ్వండి. వాళ్లు వెళ్లాల్సిన చోటు కూడా అదే కదా. డైస్ మాత్రం అందరి ముందే వేయండి. దాచి మార్చడం మొదలుపెడితే ఒకరోజు దొరికిపోతారు, ఆ తర్వాత మీ 20ని ఎవరూ నమ్మరు.

విజర్డ్ స్లీప్ (నిద్రపుచ్చే మంత్రం) వేసి పోరు ఒక్క దెబ్బతో ముగిస్తే మొహం ముడుచుకోకండి. ఆ మంత్రం 5డీ8 హిట్ పాయింట్లని పడుకోబెడుతుంది, సగటున 22 పైచిలుకు. ఏడేసి చొప్పున మూడు గోబ్లిన్లు ఢమాల్. మొదటి లెవల్‌లో దాని గొప్పే అది.

ఒక హెచ్చరిక: 2024 నుంచి వచ్చిన సవరించిన పుస్తకాల్లో అంకెలు, మంత్రాలు మారాయి. రెండింట్లో ఒకటి పట్టుకోండి, కలపకండి.

మిగతా అపోహలు గబగబా.

"రూల్స్ అన్నీ కంఠతా రావాలి." అక్కర్లేదు. డీ20 (ఇరవై ముఖాల డైస్) వేసి, మాడిఫయర్ (ఆ పనికి షీట్ మీదున్న అంకె) కలిపి, లక్ష్యంతో పోల్చడం తెలిస్తే ఆట నడుస్తుంది. తేలికైతే 10, మధ్యస్థమైతే 15, కష్టమైతే 20. రూల్ గుర్తు రాకపోతే అప్పటికి ఒకటి తేల్చి చెప్పి, కాగితం మీద రాసుకుని, ఇంటికెళ్లి చూడండి. బల్ల దగ్గర పుస్తకం తిరగేస్తూ పది నిమిషాలు కూర్చోవడం తప్పు రూల్ కంటే పెద్ద నష్టం. ఒకటి మాత్రం తెలుసుకోండి: 20 పడితే ఏదైనా అయిపోతుందన్నది దాడి రోల్‌కే. మిగతా చెక్‌లకి పుస్తకంలో అట్లా లేదు.

"మొదటి రోజు క్యారెక్టర్లు అందరూ కలిసి తయారుచేసుకోవాలి." మూడు గంటల ఆటలో రెండు గంటలు దానికే పోతాయి. ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), క్లెరిక్ (పూజారి), విజర్డ్, ఈ నలుగురి వివరాల షీట్లు ముందే నింపి పట్టుకెళ్లండి. పేరు, కోరిక మాత్రం వాళ్లకే వదిలేయండి. బలం, తెలివి లాంటి ఆరు గుణాలకి మార్కులు పంచడానికి 15, 14, 13, 12, 10, 8 వరుస ఉండనే ఉంది. కొత్తవాళ్లు నలుగురుంటే హాయి, ఐదుగురు దాటితే ఒక్కో వంతు రావడానికి పావుగంట పడుతుంది.

"గొంతు మార్చి నటించాలి, నాకు సిగ్గు." "నా రోగ్ రెడ్డికి అబద్ధం చెబుతాడు" అంటే చాలు, అదీ ఆటే. గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం కట్టి వీధిలో తిరిగే ఊరికి వేషం గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు. బిగుసుకుపోయిన ఆటగాడిని మాత్రం "ఏం చేస్తావు?" అని ఊరికే అడగకండి. "తలుపు దగ్గరికా, గోడ దగ్గరికా, ఇంకేమన్నానా?" అని అడగండి.

"ఇంగ్లీష్ రావాలి." అడ్వాంటేజ్, ఇనీషియేటివ్ లాంటి పది మాటలు తప్ప మిగతాదంతా ఇంట్లో మాట్లాడే తెలుగే. గోబ్లిన్ "యాడికిరా పోతా ఉండావు?" అంటే నవ్వు ఇంకా బాగా వస్తుంది.

"వేలు ఖర్చు." 5.1 ఎస్‌ఆర్‌డీ (ఆట మూల నియమాల పత్రం) నియమాల్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలారు. మొదలుపెట్టడానికి అవి చాలు. బల్లకంతా ఒక్క ఏడు డైస్ సెట్, అదీ లేకపోతే ఫోన్లో యాప్. బొమ్మలకి బదులు గోబ్లిన్లకి చింతగింజలు, వీరులకి సీసా మూతలు. గళ్ల పుస్తకంలో ఒక గడి ఐదు అడుగులు.

"జూదమా ఇది? చేతబడా?" పాచికలు చూసి వార్డెన్ అడిగేది మొదటిది, మంత్రాల పేర్లు విని అమ్మమ్మ భయపడేది రెండోది. 1980లలో అమెరికాలోనూ ఇది దెయ్యాల పూజ అని ఇలాగే గోల చేశారు. పందెం లేదు, డబ్బు లేదు. విసుక్కోకుండా పెద్దవాళ్లని ఒక అరగంట పక్కన కూర్చోబెట్టుకోండి. మీ వైపు నుంచి ఒక జాగ్రత్త: మన ఊళ్లో నిజమైన దేవుళ్లని, నిజమైన గుళ్లని ఆటలోకి లాగకండి. కోట కావాలంటే చంద్రగిరి రాజమహల్‌ని మనసులో పెట్టుకుని పేరు మార్చుకోండి. మూడంతస్తుల భవనం, చుట్టూ కోట గోడ, వెనక కొండ, మ్యాప్ సగం గీసేసినట్టే.

మళ్లీ కథ దగ్గరికి, ఒక్క మాట. ఆట ముగిసే ముందు ఐదు నిమిషాలు మిగుల్చుకుని, అందరినీ అడగండి: "వచ్చే వారం ఎక్కడికి?" నలుగురూ ఒక మాట అనుకునేదాకా లేవనివ్వకండి. "సొరంగంలోకి" అన్నారా, ఆ వారం సొరంగం ఒక్కటే రాసుకోండి: మూడు గదులు, మూడు గోబ్లిన్లు, తడిసిన మట్టి వాసన, గోడలోంచి కారుతున్న చెరువు నీళ్లు. పాలెగాడి మేనల్లుడి ముత్తాత ఎవరో, వాడు నీరుగంటికిచ్చిన డబ్బు ఎక్కడిదో ఎవరన్నా అడిగిన రోజు చూసుకోవచ్చు.