గోడ పగలగొట్టి తెచ్చిన మెషీన్

పిల్లలూ,

ఆసుపత్రి గోడ పగలగొట్టి క్రేన్‌తో ఎమ్మారై మెషీన్, అదే, పెద్ద అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మలు తీసేది, దించుతుంటే చూశామని రాశారు. "కొనేముందు తలుపు కొలుచుకోలేదా తాతయ్యా?" అని చిన్నోడి ప్రశ్న. కొలుచుకునే ఉంటార్రా. కొన్ని టన్నుల అయస్కాంతానికి ఏ తలుపు చాలుతుంది? పైగా బయటి రేడియో తరంగాలు దూరకుండా ఆ గదికి నాలుగు గోడలకూ, కప్పుకూ, నేలకూ రాగిరేకు తొడగాలి.

అసలు చిన్న ఆసుపత్రి అంత మెషీన్‌ని ఎలా కొంటుందని మీ అక్క అడిగింది. ఆవును కొన్నట్టేనమ్మా.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న ఎవరికీ చెప్పకుండా ఓ ఆవును తోలుకొచ్చాడు. పాక లేదు, గడ్డి లేదు. ఆ రాత్రే వాన. ఆవు వసారాలో, మేమంతా లోపల ఒకే మూల. పొద్దున పాలు పిండబోతే అమ్మను తన్నింది, నాన్నను తన్నింది. పక్కింటి అవ్వ వచ్చి కూర్చుంటే తప్ప చేపేది కాదు. అవ్వ ఊరెళితే ఆ రోజు పాలు లేనట్టే!

పెద్దయ్యాక ఓ ఆసుపత్రి లెక్కల గదిలో చాలా ఏళ్లు పనిచేశాను. కొత్త మెషీన్ మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ వసారానే గుర్తొచ్చేది. ముందు చూడాల్సింది ఇంట్లో పాలు తాగే నోళ్లెన్ని అని. మన దగ్గర లేదని ఏడాదిలో ఎంతమందిని వేరేచోటికి పంపాం? రోజుకు ఇద్దరే అయితే ఇంకొన్నాళ్లు ఆగడమే మేలు. తర్వాత పాక: ఆ గది, బరువు మోసే నేల, కరెంటు, చల్లబరిచే యంత్రం. తర్వాత పిండేవాళ్లు, అంటే మెషీన్ నడిపే టెక్నీషియన్, బొమ్మ చదివే డాక్టరు. డాక్టరు అక్కడే ఉండకపోయినా ఫర్వాలేదు, బొమ్మల్ని నెట్‌లో పంపి ఎక్కడో ఉన్నవాళ్లతో చదివించుకోవచ్చు. ఆవు విషయంలో ఆ సౌకర్యం లేదు.

ఇక గడ్డి. ఏటా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టు కొన్న ధరలో పదో వంతు దాకా ఉండొచ్చు. కొనడానికి బ్యాంకు అప్పిస్తుంది, దాతలు ఇస్తారు, లీజుకూ దొరుకుతుంది. గడ్డికి మాత్రం దాత దొరకడు. మెషీన్ ఇస్తే గోడమీద ఫలకం వేస్తారు, కాంట్రాక్టు కడితే ఎవరేస్తారు? మా దగ్గర దానంగా వచ్చిన ఓ స్కానింగ్ మెషీన్, దాన్ని నేర్చుకొచ్చిన అమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్లిపోవడంతో, పద్నాలుగు నెలలు గుడ్డ కప్పుకుని పడుంది. దానిమీద టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవాళ్లం. నేనూ పెట్టాను, సిగ్గుపడే చెబుతున్నా.

కొత్తది రాగానే ఎగబడక్కర్లేదు కూడా. 1977 జులై 3న డమాడియన్ అనే డాక్టరు మొదటిసారి మనిషి ఛాతీని ఎమ్మారై తీశాడు. అంతకుముందు తానే అందులో కూర్చుంటే బొమ్మ రాలేదట, ఒళ్లు ఎక్కువని. సన్నగా ఉన్న శిష్యుణ్ణి కూర్చోబెడితే వచ్చింది. ఒక్క బొమ్మకు దాదాపు అయిదు గంటలు పట్టింది! అప్పుడే కొనేసుంటే ఏమయ్యేవాళ్లం? కాస్త ఓపిక పట్టినవాళ్లకు మంచి మెషీనూ దొరుకుతుంది, దాన్ని నడపడం తెలిసినవాళ్లూ దొరుకుతారు.

ఆవు ఈననైనా ఈనుతుంది, మెషీన్ పదేళ్లకు ముసలిదవుతుందంతే. నా పోలిక అక్కడ కుంటుతుంది, ఒప్పుకుంటున్నా.

ఒక్కచోట మాత్రం మళ్లీ కుదురుతుంది. ఆ అయస్కాంతంలో తీగచుట్టలుంటాయి. ద్రవ హీలియంతో వాటిని సున్నాకు 269 డిగ్రీల కిందికి చల్లబరుస్తారు. అంత చలిలో ఆ తీగ కరెంటుకు అడ్డే చెప్పదు. ఒకసారి ఎక్కించిన కరెంటు, మళ్లీ పోయకపోయినా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఎందుకని అడిగితే నాకు తెలిసినంత చెప్పగలను గానీ, చెప్పాక కూడా నా ఆశ్చర్యం తీరదు. అందుకే వదిలేస్తున్నా.

మీరో పని చెయ్యండి. సాయంత్రం పేషెంట్లు వెళ్లిపోయాక, అక్కడి టెక్నీషియన్‌ని మర్యాదగా అడిగి ఆ గది బయట నిలబడండి, లోపలికి మాత్రం అడుగు పెట్టకండి. తలుపు ఒక్క క్షణం తెరిస్తే, ఎవరికీ స్కాన్ చెయ్యకపోయినా, చిక్... చిక్... చిక్... అని వినిపిస్తుంది. ఆ చలిని కాపాడే పంపు అది, రాత్రంతా ఆగదు. చీకట్లో మా వసారాలో ఆవు నెమరేస్తుంటే అచ్చం అలాగే ఉండేది. విని, మీకూ అలాగే అనిపించిందో లేదో రాయండి.

మీ తాతయ్య