బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి: కారు హీటరు, బ్లోయర్, బ్యాటరీపై అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి బస్సులోనో రైల్లోనో ఊరెళ్లి, వారం తర్వాత బెంగళూరు తిరిగొచ్చి, సెల్లారులో నిలిపి ఉంచిన కారు తాళం తిప్పితే టక్కుమని ఒక్క శబ్దం వస్తుంది, అంతే. జనవరిలో కె.ఆర్.పురం దగ్గరి మా షెడ్డుకు ఇలాంటి ఫోన్లు చాలా వస్తాయి. వాటితో పాటు వచ్చే ఇంకో ఫిర్యాదు హీటరు గురించి: వేడి రావడం లేదనో, బ్లోయర్ (గాలి ఊదే ఫ్యాను) ఒక్క స్పీడులోనే తిరుగుతోందనో. ఈ రెండింటికీ మనవాళ్లు ముందు చేసే పని ఏదో ఒకటి కొత్తది కొని బిగించడం. కొలవకుండా మార్చిన సామానుకు పెట్టిన డబ్బు చాలాసార్లు వృథానే.

అపోహ: బ్యాటరీ దిగిపోయిందంటే అది పాడైనట్టే.

వాస్తవం: తాళం తీసేశాక కూడా గడియారం, అలారం, రిమోట్ రిసీవరు వంటివి కొద్దిగా కరెంటు వాడుకుంటూనే ఉంటాయి. చాలా కార్లలో ఇదంతా కలిపి 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. అంటే రోజుకు 1.2 ఆంపియర్-అవర్. 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ వారం రోజులు నిలిచి ఉన్నా ఈ పాటి వాడకాన్ని తట్టుకుంటుంది. అదే అర ఆంపియర్ పోతుంటే రోజుకు 12 ఆంపియర్-అవర్ ఖర్చు. రెండు రోజుల్లో సగానికి పైగా ఖాళీ, నాలుగో రోజుకు సున్నా. ఆ స్థానంలో కొత్త బ్యాటరీ పెట్టినా లెక్క మారదు.

మారతహళ్లి నుంచి వచ్చిన ఒక కారు సంగతి చెబుతాను. అప్పటికే బ్యాటరీ మార్చారు, ఏసీ గ్యాస్ పట్టించారు. "అన్నా, కొత్త బ్యాటరీ కదా, మూడు రోజులు ఆపితే మళ్లీ ఎందుకు దిగిపోతోంది? ఏసీ కూడా ఒక పక్క చల్లగా, ఒక పక్క వేడిగా వస్తోంది" అన్నారు ఆ కారు యజమాని. నెగటివ్ టెర్మినల్ విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్ (కరెంటు, వోల్టులు కొలిచే మీటరు) పెట్టాం. మొదట 4 ఆంపియర్లు చూపించింది. అది మామూలే, వైరు తగలగానే కంప్యూటర్లన్నీ ఒకసారి లేస్తాయి. అరగంట ఆగాం. అంకె దిగుతూ వచ్చి 0.46 దగ్గర ఆగిపోయింది. ఫ్యూజులు పీకకుండా, ఒక్కొక్క ఫ్యూజు నెత్తిన ఉండే రెండు లోహపు చుక్కల మీద మిల్లీవోల్టులు కొలుస్తూ పోతే, ఏసీ కంట్రోలుకు వెళ్లే ఫ్యూజు దగ్గర రీడింగు కనిపించింది, అంటే కరెంటు అటే పోతోంది. డ్యాష్‌బోర్డు అర తీసి చెవి పెడితే లోపల టిక్కు టిక్కుమంటోంది. వేడిగాలి, చల్లగాలి కలిపే ఫ్లాప్‌ను తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ పన్ను ఒకటి విరిగింది. ఫ్లాప్ చేరాల్సిన చోటికి చేరదు, కంట్రోలు మళ్లీ మళ్లీ తిప్పుతూనే ఉంటుంది, తాళం తీసినా నిద్రపోదు. ఆ మోటారు మార్చాక మీటరు 0.02కు దిగింది. ఏసీ కూడా రెండు పక్కలా ఒకేలా వచ్చింది. ఆ కారుకు కొత్త బ్యాటరీ అక్కర్లేదు, గ్యాసూ అక్కర్లేదు.

ఈ పరీక్ష ఇంట్లో చేయాలనుకుంటే మూడు జాగ్రత్తలు. మీటరు వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోనే పెట్టండి. మీటరు మధ్యలో ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. తాళం జేబులో పెట్టుకుని కారు పక్కన నిలబడితే కొన్ని కార్లు నిద్రపోవు, దాన్ని దూరంగా పెట్టి రండి. ఇక మీ కారులో డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్ ఉంటే మొదటి అనుమానం వాటి మీదే. తాళంతో ఆగిపోయే వైరుకు బదులు నేరుగా బ్యాటరీ వైరుకు కలిపేస్తుంటారు.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి చూస్తే డైనమో (బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్) సంగతి తెలుస్తుంది.

వాస్తవం: దయచేసి ఎవరినీ ఇది చేయనివ్వకండి. వైరు తీసిన క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి ఇంజిన్ కంప్యూటర్, డైనమోలో కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్లు కాలిపోవచ్చు. మీటరు ఉంటే చాలు: ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. కొత్త కార్లలో కంప్యూటరే దీన్ని కాస్త తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి ఒక్క రీడింగుతో తీర్పు చెప్పకూడదు. కారు ఆపి గంటలు గడిచినా డైనమో ఒళ్లు గోరువెచ్చగా ఉంటే మాత్రం డయోడ్ల గుండా కరెంటు వెనక్కి పోతోందని అనుమానించాలి.

అపోహ: బ్లోయర్ ఆఖరి స్పీడులోనే తిరుగుతోందంటే మోటారు పోయింది.

వాస్తవం: మోటారు బాగుంది కాబట్టే ఆఖరి స్పీడులో తిరుగుతోంది. తక్కువ స్పీడులకు కరెంటు దాన్ని తగ్గించే రెసిస్టర్ గుండా వెళుతుంది, ఆఖరి స్పీడుకు నేరుగా వెళుతుంది. కాలిపోయింది రెసిస్టర్. దాన్ని చల్లబరిచేది బ్లోయర్ గాలే, అందుకే గాలి దారిలోనే బిగిస్తారు. క్యాబిన్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా, మోటారు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగినా కొత్త రెసిస్టర్ కూడా పోతుంది. జె.సి. రోడ్డులో సామాను కొనడానికి వెళ్లే ముందు పాత ప్లగ్గు కరిగి నల్లబడిందేమో చూడండి. కరిగిన ప్లగ్గులో కొత్త రెసిస్టర్ పెట్టడం నాకు ఒప్పుదల కాదు.

అపోహ: హీటరు వేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

వాస్తవం: ఇంజిన్ నుంచి ఎలాగూ బయటకు పోయే వేడినే హీటరు వాడుకుంటుంది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, వేడెక్కి హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్ గుండా పారుతుంది, దాని మీదుగా బ్లోయర్ గాలి వస్తుంది. విద్యుత్ కార్లకు ఇది వర్తించదు, అక్కడ వేడికి పెద్ద బ్యాటరీ నుంచే ఖర్చవుతుంది. పెట్రోలు, డీజిల్ కార్లలో వేడి రాకపోతే ముందు కూలెంటు మట్టం చూడాలి, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీస్తే ఒళ్లు కాలుతుంది. టెంపరేచర్ ముల్లు ఎంతసేపటికీ పైకి రాకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంటును రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) తెరుచుకుని ఉండిపోయిందేమో. హీటరు పైపుల్లో ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయి ఉండవచ్చు. కారులో తీపి వాసన, అద్దం లోపల జిడ్డు పొగలా కనిపిస్తే కోర్ లీకవుతోంది, వాయిదా వేయకండి.

అపోహ: వానలో అద్దం మసకబారితే లోపలి గాలే తిప్పాలి.

వాస్తవం: మన ఊపిరిలోని తేమే లోపల తిరుగుతుంది, మసక పెరుగుతుంది. బయటి గాలి పెట్టి, ఏసీ వేసి, అద్దం వైపు తిప్పండి. ఏసీ తేమను లాగేస్తుంది.

అపోహ: బ్యాటరీని చంపేది చలి.

వాస్తవం: దాన్ని ఎక్కువగా దెబ్బతీసేది ఎండ. వేడికి లోపలి నీరు తగ్గుతుంది, లోపలి పలకలు త్వరగా తినేసుకుపోతాయి. చెన్నైలో మే నెలంతా ఎండలో నిలిచిన కారు బ్యాటరీ అప్పుడే బలం కోల్పోయి, నెలల తర్వాత ఒక చల్లటి ఉదయం మొరాయిస్తుంది.

అపోహ: జంపర్ కేబుళ్లతో స్టార్ట్ చేసి పది నిమిషాలు ఇంజిన్ నడిపితే చాలు.

వాస్తవం: పూర్తిగా దిగిన బ్యాటరీకి అది ఏ మూలకూ చాలదు. ఛార్జరు మీద రాత్రంతా పెట్టించండి. తీశాక కొన్ని గంటలు ఆగి కొలిస్తే సుమారు 12.6 వోల్టులు ఉండాలి. 12.2 అంటే దాదాపు సగమే నిండింది. నిండా ఛార్జి చేసినా ఒక రాత్రికే పడిపోతుంటే, అదీ టెర్మినల్ విప్పి పక్కన పెట్టినప్పుడు కూడా పడిపోతుంటే, అప్పుడు బ్యాటరీ మార్చండి.