బొమ్మ గోడ మీద, కథంతా ప్రెస్ దగ్గర

ప్రింట్ల ప్రదర్శనకు వచ్చినవాళ్లలో ఒక్కరైనా ఈ మాట అడగకుండా వెళ్లరు: "ఇది ఒరిజినలా, కాపీనా?" బొమ్మ కింద అంచున పెన్సిలుతో 7/25 అని ఉంటుంది. తీసిన ఇరవై ఐదు ప్రతుల్లో ఇది ఏడోదని అర్థం. మిగతా ఇరవై నాలుగూ ఇంతే ఒరిజినల్, ఎందుకంటే అసలు బొమ్మంటూ వేరే ఎక్కడా దాచిపెట్టలేదు. ఉన్నదల్లా ఒక రాగి రేకో, చెక్క దిమ్మో, రాతి పలకో. దాని మీద ఉన్నది కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది.

అడిగినవాళ్లను తప్పు పట్టలేం. మనకు అచ్చుబొమ్మ అంటే క్యాలెండరే. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్ పెట్టి లక్ష్మిని, సరస్వతిని రాతి అచ్చులో ఇంటింటికీ పంపించాడు. పూజగదిలోకి వెళ్లిన ఆ బొమ్మలు మళ్లీ గ్యాలరీ గడప తొక్కడానికి చాలా కాలం పట్టింది. అచ్చయ్యిందంటే చవక, చవకంటే కళ కాదు అనే లెక్క మన మనసుల్లో అలాగే ఉండిపోయింది.

ఇంత చిన్నచూపు ఉన్నా ప్రింట్లు కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ల గోడల మీద అంత ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయి? చవకగా అమ్మొచ్చు కాబట్టి అంటారు చాలామంది. నాకైతే అది సగం జవాబే అనిపిస్తుంది. మిగతా సగం ప్రెస్‌లో ఉంది. పెయింటర్‌కు కాన్వాసు, బ్రష్షులు, అద్దె గదిలో ఒక మూల ఉంటే చాలు. ఎచింగ్, అంటే రేకు మీది గీతలను యాసిడ్‌తో తినిపించి అచ్చు తీసే పని, చేసేవాడికి యాసిడ్ తొట్టి కావాలి. ఇనప రోలర్ల ప్రెస్ కావాలి. దాన్ని మోయగల నేల కావాలి. శిలాముద్రణ, అదే రాతి మీది లితోగ్రఫీ, అయితే మరీను. పెద్ద సున్నపురాతి పలకను ఒకరు లేపలేరు. పాత బొమ్మ పోయేదాకా దాని మీద కార్బొరండం అనే గరుకు పొడి, నీళ్లు పోసి రుద్దాలి. తర్వాత జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీయాలి. రాయిని తడిపి సిరా రోలర్ తిప్పితే జిడ్డున్న చోట సిరా పట్టుకుంటుంది, తడి ఉన్న చోట పట్టదు. ఒకరు తడుపుతుంటే ఇంకొకరు రోలర్ తిప్పాలి. ఇది ఒంటరిగా చేసే పని కాదు, ఒక్కడి జేబుతో అయ్యే పనీ కాదు. అందుకే ప్రెస్ నలుగురి సొత్తుగా ఉన్న చోటే ప్రింట్లు పుట్టాయి. ప్రదర్శనలు ఆ తర్వాత వచ్చాయి.

దీనికి అమెరికాలో 1930ల కథ బాగా సరిపోతుంది. మాంద్యం దెబ్బకు కోట్ల మంది రోడ్డున పడ్డప్పుడు, 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చిత్రకారులను కూడా పనిలేని కూలీల లెక్కలోనే చేర్చింది. ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ కింద న్యూయార్క్‌లో ఒక కళాకారుడికి వారానికి దాదాపు 24 డాలర్ల జీతం ఇచ్చేవారు. ప్రింట్లు తీసేవాళ్లకు ప్రెస్, సిరా, కాగితం సర్కారువే. వచ్చిన ప్రతుల్లో కొన్ని కళాకారుడు ఉంచుకునేవాడు, మిగతావి బడులకు, ఆసుపత్రులకు, గ్రంథాలయాలకు వెళ్లేవి. దేశమంతటా వందకు పైగా కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్లు లేచాయి. వాటిలో క్లాసులు ఉచితం. ప్రదర్శన చూడ్డానికి వచ్చిన పిల్లవాడు అదే సాయంత్రం పక్క గదిలో బొమ్మ గీయొచ్చు.

ఫిలడెల్ఫియాలో ప్రింట్ల కోసమే ఒక వర్క్‌షాపు తెరిచారు. అక్కడ పనిచేసిన నల్లజాతి కళాకారుడు డాక్స్ థ్రాష్ కథ చెప్పకుండా ముందుకు పోలేను. రాళ్లు రుద్దడానికి పెట్టుకున్న ఆ కార్బొరండం పొడిని ఆయన రాగి రేకు మీద రుద్ది చూశాడు. రేకంతా గరుకై సిరా తాగింది, అచ్చు తీస్తే నిండు నలుపు వచ్చింది. ఇక ఆ గరుకును కొంచెం కొంచెంగా చెక్కుతూ, నున్నగా చేస్తూ పోతే నలుపులోంచి బూడిదరంగు, బూడిదలోంచి తెలుపు తేలుతాయి. మామూలుగా తెల్ల కాగితం మీద నల్ల గీత గీస్తాం కదా, ఇది దానికి పూర్తిగా తలకిందులు. థ్రాష్ ఈ పద్ధతిలో తన చుట్టూ ఉన్న నల్లవారి ముఖాలను వేశాడు. హ్యూ మెసిబోవ్, మైకేల్ గాలగర్ అనే ఇద్దరు సహచరులు కూడా అదే రేకులతో కుస్తీ పట్టారు. అమ్మ ఒఫీలియా పేరు మీద థ్రాష్ దానికి ఒఫీలియాగ్రాఫ్ అని పేరు పెట్టుకున్నాడు. మూల పడి ఉన్న పొడి డబ్బా మీద పదిమంది చేతులు పడే చోట కాకపోతే ఇలాంటిది తట్టేదా అనిపిస్తుంది నాకు.

1937లో న్యూయార్క్‌లో, నల్లవారి పేట అయిన హార్లెమ్‌లో, హార్లెమ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ మొదలైంది. శిల్పి అగస్టా సావేజ్ దాని తొలి డైరెక్టర్. అక్కడికి వచ్చే హైస్కూలు కుర్రాళ్లలో రాబర్ట్ బ్లాక్‌బర్న్ ఒకడు. జమైకా నుంచి వచ్చిన దంపతుల కొడుకు. రీవా హెల్ఫాండ్ అనే చిత్రకారిణి అతనికి శిలాముద్రణ నేర్పింది. డబ్బు ఇచ్చి నేర్చుకునే స్తోమత లేని పిల్లవాడికి లితో ప్రెస్ అందుబాటులోకి రావడం ఇంకెక్కడా జరిగే పని కాదు. కానీ యుద్ధం వచ్చింది, సర్కారు డబ్బు ఆగింది. 1942లో ఆ సెంటర్ మూతపడింది, మరుసటి ఏడాదికి ఫెడరల్ ప్రాజెక్టే లేకుండా పోయింది.

షికాగో కథ వేరేలా నడిచింది. అక్కడి సౌత్ సైడ్‌లో సెంటర్ కోసం వీధుల్లో డబ్బాలు పట్టుకుని పది సెంట్ల నాణేలు పోగుచేశారు. ఆ డబ్బాలు పట్టుకున్నవాళ్లలో మార్గరెట్ బరోస్ అనే కళాకారిణి కూడా ఉంది. మిషిగన్ అవెన్యూలో ఒక పాత బంగళా కొన్నారు. 1940 డిసెంబరులో తలుపులు తెరిచారు, 1941 మేలో ఎలినార్ రూజ్‌వెల్ట్ వచ్చి ప్రారంభించింది. సర్కారు డబ్బు పోయాక కూడా ఈ సెంటర్ నిలబడింది, అదే ఇంట్లో ఇవాళ్టికీ నడుస్తోంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు, ఇల్లు వాళ్లది. ఆ గ్యాలరీ చెక్క గోడల నిండా మేకు రంధ్రాలే. ఎనభై ఏళ్ల పైబడి బొమ్మలు తగిలించి, తీసి, మళ్లీ తగిలించగా మిగిలినవి.

బరోస్ ఎక్కువగా లినోకట్లు చేసింది. నేల మీద పరిచే లినోలియం ముక్కను ఉలితో చెక్కితే దిమ్మ తయారు. ప్రెస్ లేకపోయినా కాగితం వెనక చెంచాతో రుద్ది అచ్చు తీసుకోవచ్చు. పేదవాడి ప్రింట్ అంటే ఇదే. 1941లో ఇదే సెంటర్‌లో ఎలిజబెత్ క్యాట్లెట్ లితోగ్రఫీ నేర్చుకుంది. 1946లో మెక్సికో వెళ్లి, అక్కడ కళాకారులు కలిసి నడుపుకుంటున్న తయ్యేర్ దె గ్రాఫికా పాపులర్ అనే వర్క్‌షాపులో చేరింది. పెద్ద టోపీ పెట్టుకున్న కౌలు కూలీ స్త్రీ లినోకట్ ఆమె చేసిందే. కొన్నేళ్లకు బరోస్ కూడా ఆ మెక్సికో వర్క్‌షాపుకు వెళ్లింది.

హార్లెమ్ సెంటర్ పోయాక బ్లాక్‌బర్న్ ఏం చేశాడన్నది ఈ కథలో అసలు మలుపు. 1940ల చివర్లో మన్‌హాటన్‌లో ఒక పై అంతస్తు గది తీసుకుని, లితో ప్రెస్ పెట్టి, ఎవరైనా రావచ్చన్నాడు. పేరున్నవాళ్లు, లేనివాళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. 1957లో లాంగ్ ఐలాండ్‌లో తత్యానా గ్రోస్మన్ పెట్టిన ప్రింట్ల సంస్థకు తొలి మాస్టర్ ప్రింటర్ కూడా ఇతనే. పేరున్న చిత్రకారుడు జాస్పర్ జాన్స్ తొలి శిలాముద్రణలు ఇతని చేతి మీదుగానే వచ్చాయి. 1963లో మరో పేరున్న చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ బొమ్మ తీస్తుండగా ఆ సంస్థలో రాయి పగిలింది. రౌషెన్‌బర్గ్ ఆ పగులును అలాగే ఉంచి అచ్చు తీయించాడు. దానికి 'యాక్సిడెంట్' అని పేరు పెట్టాడు, యూరప్‌లోని ల్యుబ్ల్యానాలో రెండేళ్లకోసారి జరిగే ప్రింట్ల ప్రదర్శనలో (బియెనాలే) దానికే పెద్ద బహుమతి వచ్చింది. అప్పటినుంచి అమెరికాలో ప్రింట్లకు మార్కెట్ వచ్చింది, ధరలు పెరిగాయి. పెద్ద పేర్లకు పెద్ద ప్రచురణకర్తలు దొరికారు. మిగతావాళ్లందరికీ బ్లాక్‌బర్న్ గదే దిక్కు.

ఈ సరళిలో మనవాడు ఒకాయన ఉన్నాడు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర చదివి, పారిస్‌లో హేటర్ అనే ప్రింట్ కళాకారుడు నడిపే అటెలియే 17లో చేరాడు. అదీ పదిమంది కలిసి వాడుకునే వర్క్‌షాపే. అక్కడే కైకో మోతీతో, హేటర్‌తో కలిసి విస్కాసిటీ పద్ధతిని పట్టుకున్నారు. అంతకుముందు రంగుకో ప్లేటు కావాలి. వీళ్లు ఒకే ప్లేటును ఎత్తుపల్లాలుగా చెక్కి, సిరాల్లో నూనె పాళ్లు మార్చారు. పలచటి సిరా మీద చిక్కటి సిరా నిలవదు. మెత్తని రోలర్ పల్లంలోకి దిగుతుంది, గట్టి రోలర్ మిట్టలనే తాకి పోతుంది. ప్రెస్ ఒక్కసారి తిప్పితే రంగులన్నీ దిగుతాయి. కృష్ణారెడ్డికి శిల్పం తెలుసు కాబట్టి ప్లేటును శిల్పంలాగే చెక్కాడు. 1976లో న్యూయార్క్ చేరి, అక్కడి యూనివర్సిటీలో పాఠం చెప్పి, 2018లో పోయేదాకా ఆ నగరంలోనే ఉన్నాడు. చిత్తూరులో ఎంతమందికి ఆయన పేరు తెలుసో మరి.

ఇక్కడి సంగతి క్లుప్తంగా. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన లక్ష్మాగౌడ్ 1960ల్లో బరోడాలో ఎచింగ్ పట్టుకుని, పల్లె మనుషుల్ని, మేకల్ని సన్నని గీతల్లోకి తెచ్చాడు. అందరూ వాడుకునే ప్రెస్‌లంటే ఢిల్లీలో 1976 నాటి గఢీ స్టూడియోలు, భోపాల్‌లో 1982లో మొదలైన భారత్ భవన్ గుర్తొస్తాయి. భోపాల్‌లో స్టూడియో ముందు వచ్చింది, ప్రింట్ల అంతర్జాతీయ బియెనాలే 1989లో వచ్చింది. వరస గమనించండి. మన ఊళ్లలో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ గేటు దాటగానే చాలామంది పిల్లలకు ప్రెస్ దూరమవుతుంది. ఎచింగ్‌లో బంగారు పతకం తెచ్చుకున్నవాళ్లు కూడా తర్వాత యాక్రిలిక్ రంగులు కొనుక్కుంటారు. అలాంటప్పుడు హాలు కట్టి లైట్లు పెట్టి ప్రింట్ల ప్రదర్శన అంటే, గోడల మీదికి వచ్చేవి ఇరవై ఏళ్ల నాటి కాలేజీ పనులే.

బ్లాక్‌బర్న్ వర్క్‌షాపు కూడా డబ్బు తిప్పలు పడీ పడీ 2001లో మూతపడింది. రెండేళ్లకు ఆయన పోయాడు. 2005లో ఎలిజబెత్ ఫౌండేషన్ అనే కళాసంస్థ ఆయన పేరు మీదే, మన్‌హాటన్ 39వ వీధిలోని తన భవనంలో వర్క్‌షాపును మళ్లీ తెరిచింది. అక్కడ ప్రదర్శనలూ పెడుతుంటారు. గోడ మీద తగిలించిన చాలా బొమ్మలకు సిరా పట్టిన చోటు ఆ పక్క గదే.