పంజాబీ వరసలు: మనవాళ్లు ఎక్కడ పొరబడతారంటే

సోషియాలజీలో బంధుత్వాల పాఠం పంజాబ్ దగ్గరికి రాగానే క్లాసు హుషారవుతుంది. సినిమాల్లో పెళ్లిళ్లు చూసి అందరికీ అంతో ఇంతో తెలుసు మరి. తిరకాసంతా ఆ తెలిసినదాంట్లోనే.

అపోహ: మామ కూతురంటే వాళ్లకీ మరదలే.

వాస్తవం: మామ మామే గానీ, ఆయన కూతురు చెల్లెలు. రాఖీ కడుతుంది. సిక్కు, హిందూ కుటుంబాల్లో సంబంధం చూసేటప్పుడు తండ్రి గోత్రంతోపాటు తల్లి గోత్రమూ వదిలేస్తారు. పాత పద్ధతివాళ్లు నానమ్మ, అమ్మమ్మల గోత్రాలూ చూస్తారు. 1955 హిందూ వివాహ చట్టం కూడా అన్నాచెల్లెళ్ల పిల్లల పెళ్లిని ఒప్పుకోదు. ఆచారం ఉంటే పర్వాలేదన్న మినహాయింపు వల్లే మన మేనరికాలు చెల్లుతున్నాయి. అలాగని ఇది పంజాబీ భాష పెట్టిన కట్టుబాటు కాదు. పాకిస్తాన్ పంజాబ్‌లో ముస్లింలు చాచా (బాబాయి), మామా అని అవే మాటలు వాడుతూ ఆ ఇళ్ల పిల్లల్నే చేసుకుంటారు.

అపోహ: మేనత్త భర్త కూడా మామే.

వాస్తవం: కాదు, ఫుఫ్ఫడ్. ఇంటి అల్లుడు కాబట్టి మర్యాదలన్నీ ఆయనకే. బావమరిది కూతురి పెళ్లితో కొత్త అల్లుడు దిగుతాడు, ఈయన పాతబడతాడు. పెళ్లిలో ఫుఫ్ఫడ్ అలక మీద పంజాబీలు వేసుకునే జోకులన్నీ అక్కడివే.

అపోహ: చాచీ, మాసీ ఇద్దరూ పిన్నులే.

వాస్తవం: చాచా భార్య చాచీ. అమ్మ తోబుట్టువు మాసీ, అక్కయినా చెల్లెలైనా. పెద్దా చిన్నా తేడా నాన్న అన్నదమ్ములకే: అన్న తాయా, తమ్ముడు చాచా.

అపోహ: ఉమ్మడి కుటుంబాలు కదా, ఆప్యాయతంతా నాన్న వైపే.

వాస్తవం: తాయా, చాచాల ఇళ్లతోనే గట్టు తగాదాలు. వాళ్లు ‘శరీక్’లు, అచ్చంగా మన దాయాదులు. అమ్మ పుట్టిల్లు ‘నాన్కే’తో ఆ పేచీ లేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఆడపిల్లకూ ఆస్తిలో సమాన వాటా వచ్చింది గానీ, అడిగితే రాకపోకలు తెగుతాయని అన్నదమ్ములకే వదిలేసేవాళ్లు చాలామంది. బదులుగా పుట్టిల్లు జీవితాంతం పెడుతూనే ఉంటుంది. నా లెక్కలో అది సమానమైన బేరం కాదు.

పిల్లల పెళ్లికి మేనమామ తెచ్చే బట్టలు, నగలు, సామాన్లను నానకీ ఛక్ అంటారు. పెళ్లికూతురికి చూడా తొడిగేదీ ఆయనే. ఎరుపు, తెలుపు గాజుల్ని నీళ్లు కలిపిన పాలలో ముంచి, ఆమె కంటపడకుండా పైన గుడ్డ కప్పి చేతికి ఎక్కిస్తారు. నాన్కే ఆడవాళ్లు గుంపుగా దిగుతూనే నాన్న వైపు ఆడవాళ్లను పాటల్లో దెప్పుతారు, వీళ్లూ ఊరుకోరు. ఈ పాటలే సిఠణీలు. మన వియ్యపురాలి పాటల్లాంటివే, కాకపోతే ఇవి ఒకే ఇంటికి చెందిన రెండు వైపుల మధ్య కూడా నడుస్తాయి.

అపోహ: భర్త అన్నగారు బావే కదా.

వాస్తవం: మనకు మేనత్త కొడుకూ బావే. అక్కడ భర్త అన్నను జేఠ్ అంటారు, ఆ వరసలో ఈ చనువు లేదు. ఆయన మామగారితో సమానం, పాత ఇళ్లలో కోడలు ఆయన ముందు ముసుగు తీసేది కాదు. వేళాకోళమంతా మరిదితోనే. భర్త పోతే వదినను మరిదికి ఇచ్చే ‘చాదర్’ ఆచారం జాట్ రైతు కుటుంబాల్లో ఉండేది. పొలం ఇల్లు దాటిపోకూడదన్నది అందులో ఒక లెక్క. ఆమె ఇష్టం ఎంతవరకు అడిగారన్నది వేరే సంగతి.

అపోహ: పాజీ అంటే సర్దార్ల బిరుదు.

వాస్తవం: భాజీ, అంటే అన్నగారు. తలపాగా ఉన్నా లేకపోయినా పిలవచ్చు. మాట మొదట్లో వచ్చే ‘భ’ పంజాబీ నోట ‘ప’లా పలుకుతుంది. ఆడవాళ్లయితే భైణ్‌జీ, అదీ పైణ్‌జీ అనే వినిపిస్తుంది.