వంటగది మీద గ్యాలరీ, నేల కింద సొరంగం: స్ట్రోక్స్‌టౌన్ భవనం వెనుక కథ

ఐర్లాండ్ నడిమధ్యన, రోస్‌కామన్ కౌంటీలో స్ట్రోక్స్‌టౌన్ అనే చిన్న ఊరుంది. ఊరు చిన్నదే కానీ వీధి మాత్రం రాజధానికి తగినంత వెడల్పు. ఆ వీధి చివర రాతి కమాను, కమాను దాటితే మాహన్ కుటుంబం వారి భవనం. ఇలాంటి భూస్వాముల ఇళ్లను ఐర్లాండ్‌లో ‘బిగ్ హౌస్’ అంటారు. మన తాతల్ని పస్తులు పెట్టినవాళ్ల ఇంటిని మనమెందుకు కాపాడాలన్న ప్రశ్న ఆ దేశంలో చాలాకాలం నలిగింది. ఆ ప్రశ్న ఎంత బరువైందో తెలియాలంటే ముందు ఆ ఇంటి వంటగదిలోకి వెళ్లాలి.

అది ఎత్తైన గది. పైన గోడ వెంబడి బాల్కనీలాంటి గ్యాలరీ ఉంటుంది. ఇంటి యజమానురాలు వంటవాళ్ల మధ్యకు దిగి వచ్చే పని లేకుండా అక్కడే నిలబడి అజమాయిషీ చేసేది. సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా వంటల జాబితా రాసిన కాగితం పైనుంచి కిందికి వదిలేదని చెబుతారు. ఐర్లాండ్‌లో ఇలాంటి గ్యాలరీ వంటగదులు ఇప్పుడు దాదాపు మిగల్లేదు. పనివాళ్ల రాకపోకలు దొరల కంటపడకుండా నేల కింద సొరంగం కూడా తవ్వారు. పని జరగాలి, పనిచేసే మనిషి కనపడకూడదు. నా దృష్టిలో ఈ భవనం ప్లాన్ అంతా ఈ ఒక్క లెక్క మీదే నడిచింది.

అసలు ఇల్లు 17వ శతాబ్దం నాటిది. ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ దండయాత్ర తర్వాత ఐర్లాండ్ భూములు చేతులు మారినప్పుడు మాహన్‌లకు ఈ ఎస్టేట్ దక్కింది. 1703 నాటికి దేశంలో క్యాథలిక్కుల చేతిలో మిగిలిన భూమి 14 శాతమే, జనంలో ఎక్కువమంది వాళ్లే అయినా. కొత్త ప్రొటెస్టెంట్ భూస్వాములకు తాము ఇక్కడ పాతుకుపోయామని చూపించుకోవాలి. దానికి రాతి భవనం కన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది? 1722లో కిల్‌డేర్ కౌంటీలో క్యాసిల్‌టౌన్ భవనం మొదలైంది. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పద్ధతిలో నడుమ పెద్ద కట్టడం, రెండు పక్కలా వంపు గోడలతో కలిపిన రెక్కలు. అక్కణ్ణుంచి అదే ఫ్యాషనైంది. స్ట్రోక్స్‌టౌన్‌లో థామస్ మాహన్ పాత ఇంటిని ఆ తీరుగా పెంచి కట్టించాడు. రెక్కల డిజైన్ రిచర్డ్ కాసెల్‌ది అంటారు. డబ్లిన్‌లో ఇప్పుడు ఐర్లాండ్ పార్లమెంటు నడుస్తున్న లీన్‌స్టర్ హౌస్ కూడా ఆయన డిజైన్ చేసిందే.

పల్లాడియో ఇటలీలో కట్టిన ఇళ్లలో రెక్కలంటే ధాన్యం కొట్లు, పశువుల పాకలు. ఐర్లాండ్‌లో ఒక రెక్క వంటగదైంది, ఇంకోటి గుర్రాలశాల. ఆ గుర్రాలశాలకు రాతి స్తంభాలు, వాటి మీద చర్చిలో ఉన్నట్టు కమానుల కప్పు. 1841 జనాభా లెక్కల నాటికి ఐర్లాండ్ పల్లెల్లో దాదాపు సగం కుటుంబాలు ఒంటిగది మట్టి గుడిసెల్లో ఉంటున్నాయి.

1845లో పేదల ముఖ్య ఆహారమైన బంగాళాదుంపకు తెగులు తగిలింది. అదే ఏడాది మేజర్ డెనిస్ మాహన్‌కు ఎస్టేట్ వారసత్వంగా వచ్చింది, అప్పులతో, పేరుకుపోయిన కౌలు బకాయిలతో సహా. మరుసటి ఏడు పంట నిలువునా కుళ్లిపోయింది. 1846 ఆగస్టులో క్లూనహీ అనే పల్లె కౌలు రైతులు ఒక అర్జీ పెట్టుకున్నారు. తిండి కోసం పిల్లలు ఏడుస్తుంటే ఇంకెంతోకాలం ఓర్చుకోలేమన్నది దాని సారం. ఎస్టేట్ ఏజెంటు వేరే లెక్క వేశాడు. వీళ్లను ఏడాదిపాటు వర్క్‌హౌసులో, అంటే పేదలతో పనిచేయించుకుని తిండిపెట్టే ఆశ్రమంలో, పోషించడం కన్నా ఓడెక్కించి కెనడా పంపితే సగం ఖర్చుతో పోతుంది.

1847 మే నెలలో 1,490 మంది రాయల్ కెనాల్ గట్టు వెంట డబ్లిన్ దాకా నడిచారు. అక్కణ్ణుంచి లివర్‌పూల్, లివర్‌పూల్ నుంచి క్యూబెక్. వర్జీనియస్ అనే ఓడలో 476 మంది ఎక్కితే 158 మంది దారిలోనే పోయారు. మిగిలినవాళ్లలో చాలామంది గ్రాస్ ఐల్ దీవి క్వారంటైన్‌లో జ్వరాలతో చనిపోయారు. అదే ఏడాది నవంబరు 2న మేజర్ మాహన్ బండిలో ఇంటికి తిరిగి వస్తుండగా కాల్చి చంపారు.

ఇంతటి గతం ఉన్న ఇల్లు 1920–23 మధ్య కాలి బూడిద కావాల్సిందే అనిపిస్తుంది. ఆ మూడేళ్లలో స్వాతంత్ర్య పోరు, అంతర్యుద్ధం కలిపి 270కి పైగా బిగ్ హౌస్‌లు తగలబడ్డాయి. స్ట్రోక్స్‌టౌన్ నిలిచింది. భూములు పోయాయి, కప్పు కారింది, కానీ మాహన్ వారసులు 1979 దాకా అందులోనే ఉన్నారు.

ఆ ఏడాది దాన్ని కొన్నది ఊళ్లోని ఒక గ్యారేజీ కంపెనీ. వాళ్లకు కావలసింది లారీల వ్యాపారానికి స్థలం మాత్రమే. కంపెనీ యజమాని జిమ్ కాలరీ ఇంట్లోని పాత కాగితాలు తిరగేస్తుంటే క్లూనహీ అర్జీ చేతికొచ్చింది. అది చదివాక ఆయన ఆ ఇంటిని, సామానును, వేల కొద్దీ ఎస్టేట్ పత్రాలను ఉన్నవి ఉన్నట్టు కాపాడాలని నిశ్చయించుకున్నాడు. కరువుకు అక్కడే ఒక మ్యూజియం కట్టించాడు. 1994లో అప్పటి అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ దాన్ని ప్రారంభించారు. మ్యూజియం పెట్టింది గుర్రాలశాల ఆవరణలో. అంతకన్నా సరైన చోటు నాకు తోచదు. ఆ రోజుల్లో ఏ కౌలు రైతు పిల్లలకూ గుర్రాలకున్నంత గట్టి కప్పు లేదు మరి.

ఆ 1,490 మంది నడిచిన దారి ఇప్పుడు 165 కిలోమీటర్ల బాట. దాని పొడవునా పలుచోట్ల కంచుతో పోతపోసిన పిల్లల బూట్లు కనిపిస్తాయి. ఒక పాత గుడిసె పైకప్పు గడ్డిలో దొరికిన 19వ శతాబ్దపు బూట్ల జతను అచ్చు తీసి వాటిని చేశారు.